పికప్ పోయిందనే ముందు

(విశాఖపట్నంలో గిటార్ వాయించేవాళ్లం కొందరం ఒక ఆదివారం సాయంత్రం కూడినప్పుడు, ఆంప్లిఫయర్లూ గిటార్లూ బాగుచేసే మెకానిక్ గారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఆ ఫ్యాన్ మూడు మీద పెట్టండి బాబూ, అయిదు మీద వద్దు. ఎందుకంటే ఆ రెగ్యులేటర్‌తో నాకు కొంచెం పనుంది, తర్వాత చెప్తాను. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

నేను గిటారిస్టుని కాదు. గిటార్ మీద మూడు కార్డులు వస్తాయి, నాలుగోదాని కోసం వెతుక్కుంటాను. నాది మొదట్నుంచీ రేడియోలు, టేప్‌రికార్డర్ల రిపేరు. అవి పోయాక ఆంప్లిఫయర్లు, ఆంప్లిఫయర్ల వెనకే గిటార్లు వచ్చాయి. చర్చిల్లో వాయించేవాళ్లు, ఆర్కెస్ట్రావాళ్లు, ఇప్పుడు మీలాంటి కాలేజీ బ్యాండ్లవాళ్లు. వచ్చే ప్రతివాళ్లూ గుమ్మంలోనే ఒక మాట అంటారు. ఏమంటారు? "పికప్ పోయిందండి." పికప్ అంటే స్ట్రింగ్స్ కింద ఉండి, వాటి ఊపుని కరెంటుగా మార్చే ముక్క. జ్వరం వచ్చిందనరు, టైఫాయిడే అని తేల్చుకుని వస్తారు.

పోయిన నెల ఒక కుర్రాడు వచ్చాడు. "అంకుల్, పికప్ పోయింది, కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నాను, మీరు బిగించాలి" అన్నాడు. పోయిందని ఎలా తెలిసింది నాన్నా అన్నాను. "సన్న స్ట్రింగ్స్ రెండూ మోగుతున్నాయి, మిగిలిన నాలుగూ బావిలోంచి వినిపిస్తున్నాయి." కుర్రాడికి మంచి చెవి, సరిగ్గానే విన్నాడు. గిటార్ కవర్లోంచి తీసి చూస్తే ఆ నాలుగూ ఏ రంగులో ఉన్నాయి? బంగారు రంగులో! నవ్వకండి, మీలో ఇద్దరి గిటార్లు నేను ఇందాకే చూశాను. అకూస్టిక్ గిటార్‌కి వేసే సెట్ అది. షాపులో ఇచ్చారు, ఇతను వేసేశాడు. అందులో సన్నవి రెండూ ఉట్టి స్టీలు. మిగతా నాలుగింటికీ లోపల సన్నగా స్టీలు ఉంటుంది, పైన చుట్టిందంతా బ్రాంజ్. బ్రాంజ్‌ని అయస్కాంతం అసలు పట్టించుకోదు. అంటే పికప్‌కి ఆ లావు స్ట్రింగ్ లావుగా కనబడదు, లోపలి సన్న స్టీలు ఒక్కటే కనబడుతుంది. ఎలక్ట్రిక్ సెట్ వేశాం, గిటార్ లేచి కూర్చుంది. పికప్ ఖర్చు మిగిలింది.

అందుకే నేను ఇవాళ ఒక్క సంగతే చెప్పడానికి వచ్చాను. పికప్‌ని చివర్న అనుమానించండి. ఎందుకు? దాంట్లో కదిలేది ఏమైనా ఉందా? లేదు. అరిగేది ఉందా? లేదు. జాక్‌లో రోజూ పిన్ను దూరుస్తారు, లాగుతారు, వైరు కాలికి తగిలితే ఒక్క గుంజు గుంజుతారు. ఏ పికప్ పలకాలో ఎంచే స్విచ్ అటూ ఇటూ కొడతారు. వాల్యూమ్ తిప్పుతారు. తప్పు ఎవరు చేసుంటారండీ, కదిలేవాడా, కదలకుండా కూర్చున్నవాడా?

అయినా పికప్‌లు పోతాయి. మన ఊళ్లో మరీ పోతాయి, ఎందుకో చెప్తాను. కానీ పోయిందని రుజువయ్యాకే మారుద్దాం.

ఇదిగో, ఇది చూడండి. స్ట్రాట్, అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్, దాని పికప్, మూత తీసేశాను. ముందు వరసలోవాళ్లు చేతికి తీసుకుని చూసి వెనక్కి పంపండి. ఒక్క షరతు, ఈ రాగి చుట్టని గోటితో ముట్టుకోవద్దు. ఆరు అయస్కాంతం కడ్డీలు, వాటి చుట్టూ రాగి తీగ, కింద రెండు వైర్లు. అంతే, ఇంకేం లేదు. పైన స్టీలు స్ట్రింగ్ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, క్షేత్రం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. ఇంటర్మీడియట్లో చదివారు కదా, ఫారడే. ఆయన అది కనిపెట్టింది 1831లో. సరిగ్గా వందేళ్లకి, 1931లో, అమెరికాలో జార్జ్ బోషాంప్ అనే ఆయన దాన్ని గిటార్‌కి పెట్టి నమూనా తయారుచేశాడు. రికెన్‌బ్యాకర్ వాళ్లు అమ్మిన ఆ గిటార్ గుండ్రంగా, పొడుగు పిడితో అచ్చం పెనంలా ఉండేది. అందుకే దాన్ని "ఫ్రయింగ్ పాన్" అన్నారు. పెనం నుంచి ఇక్కడిదాకా సూత్రం ఏమీ మారలేదు.

ఈ తీగ లావు ఎంతో తెలుసా? 0.063 మిల్లీమీటర్లు. మీ తల వెంట్రుకంత. అలాంటిది ఎనిమిది వేల చుట్లు, కాస్త అటూ ఇటూగా. ఎనిమిది వేల చుట్లలో ఎక్కడ ఒక్కచోట తెగినా పని అయిపోయినట్టే. బయటి గొలుసులో ఒక లంకె తెగితే కనబడుతుంది, ఇది కనబడదు. మరి కనబడనిదాన్ని ఎలా చూస్తాం? మీటర్‌తో.

మీటర్ ఎంతమంది దగ్గరుంది? చేతులెత్తండి. నలుగురు. మిగిలినవాళ్లు ఆ పసుపు రంగు చిన్న మీటర్ ఒకటి కొనండి. మంచి స్ట్రింగ్స్ సెట్ కంటే తక్కువకే వస్తుంది. అది కొన్న ఒకాయన నాకు ఫోన్ చేశాడు. "అండీ, చూశాను, ఒకటి చూపిస్తోంది. అంటే ఒక కిలో ఓమేనా? తక్కువ కదా, షార్ట్ అయ్యుంటుంది" అన్నాడు. ఆ ఒకటి ఎక్కడుందండీ అన్నాను. "తెర మీద ఎడమ పక్కకి, ఒక్కటే ఉంది." అదండీ విషయం! ఆ మీటర్లో ఎడమ పక్కన ఒంటరిగా నిలబడ్డ ఒకటి అంకె కాదు. "ఈ రేంజ్‌లో నేను కొలవలేను" అని మీటర్ చేతులెత్తేయడం. ఆయన షార్ట్ అనుకున్నాడు, నిజానికి అది ఓపెన్, అంటే దారి తెగింది, పూర్తిగా తిరగబడిపోయింది. కొన్ని మీటర్లు అక్కడ "ఓఎల్" అని చూపిస్తాయి, వాటితో ఈ గొడవ ఉండదు.

ఇప్పుడు అసలు కిటుకు చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. గిటార్ విప్పక్కర్లేదు. స్క్రూ ఒక్కటి కూడా తియ్యక్కర్లేదు. వైరు గిటార్‌కి పెట్టండి, రెండో కొస ఆంప్‌కి పెట్టకండి. ఆ కొసన పిన్ను మొన మీద మీటర్ ఎర్ర వైరు, పిన్ను ఒంటి మీద నల్ల వైరు. గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెంచండి, అది చాలామంది మర్చిపోతారు. మీటర్ 20 కే రేంజ్, అంటే 20 కిలో ఓమ్‌ల దాకా కొలిచేది. స్విచ్ ఒక్కో పికప్ మీద పెట్టి చదవండి.

ఏం రావాలి? స్ట్రాట్ పికప్ అయితే అయిదున్నర నుంచి ఆరున్నర కిలో ఓమ్‌లు. మామూలు హమ్‌బకర్, అంటే రెండు చుట్టల పికప్ అయితే ఏడున్నర, ఎనిమిదిన్నర. మెటల్ వాయించేవాళ్లు పెట్టించుకునేవి పదమూడు, పదహారు దాకా పోతాయి. అంకె ఎంతన్నది పెద్ద విషయం కాదు, ఎవరి చుట్లు వాళ్లవి. అయితే అంకె పెద్దదైతే పికప్ గొప్పదని మాత్రం అనుకోకండి. అది వేరే గొడవ, దానికి ఇవాళ టైమ్ లేదు.

మీరు చదివేది ఉట్టి పికప్ కాదు, పక్కన వాల్యూమ్ పాట్, అంటే ఆ నాబ్ కింద ఉండే రెసిస్టర్ కూడా దానితో ప్యారలల్‌గా ఉంది. స్ట్రాట్‌లో అది 250 కే. ఆరు కిలో ఓమ్‌ల పికప్ దానితో కలిసి అయిదూ ఎనభై ఆరు చూపిస్తుంది. ఆ తేడా పట్టించుకోకండి. కానీ పికప్ తెగిపోయి ఉంటే? అప్పుడు మీటర్‌కి కనబడేది పాట్ ఒక్కటే. 20 కే రేంజ్‌లో పెడితే ఆ ఒంటరి ఒకటి నిలబడుతుంది. మీటర్‌ని 2000 కే మీదకి తిప్పండి, 240, 250, ఆ చుట్టుపక్కల ఏదో వస్తుంది. అంటే ఏమిటి? జాక్ బాగుంది, జాక్ నుంచి పాట్ దాకా వైరు బాగుంది, పాట్ బాగుంది. అక్కణ్నుంచి అవతల ఎక్కడో తెగింది. ఒక్క కొలతతో సగం గిటార్‌కి క్లీన్ చిట్ ఇచ్చేశాం. పాట్ కూడా కనబడకపోతే జాకో, వైరో. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్, ముందు వైరు మార్చి చూడండి.

స్విచ్ రెండు పికప్‌ల మధ్యలో పెడితే? రెండు ఆర్లు ప్యారలల్‌లో ఎంత? మూడు. భేష్. ఆ మూడు గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పనుంది.

ఇంకో మాట. ఎండాకాలం కొలిస్తే అంకె పెరుగుతుంది. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.39 శాతం చొప్పున దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఆరు చూపించే పికప్, బెజవాడలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఆరున్నర చూపిస్తుంది. "సార్, కంపెనీవాడు ఆరు అని రాశాడు, నాకు ఆరున్నర వచ్చింది, డూప్లికేటా?" అని అడిగినవాళ్లున్నారు. డూప్లికేట్ కాదు బాబూ, ఎండ.

సరే, సగం గిటార్‌కి క్లీన్ చిట్ వచ్చింది. ఇప్పుడు విప్పుదాం. విప్పాక కూడా పికప్ మీదకి పోకండి. నేను పోయాను. మొదట్లో, ఈ గిటార్ల పని కొత్తలో, ఒకాయన తెచ్చాడు. స్ట్రాట్, బ్రిడ్జి పికప్, అంటే స్ట్రింగ్స్ కింది కొస ఆనే బ్రిడ్జి పక్కనున్నది, పలకడం లేదు. నేను రేడియోలు చూసినవాణ్ని కదా, నాకు అంతా తెలుసు. స్క్రూడ్రైవర్‌తో పికప్ నెత్తిన తట్టాను, టక్‌మని రాలేదు. పోయింది అన్నాను. కొత్తది తెప్పించి బిగించాను. అదీ పలకలేదు! అప్పుడు చూస్తే స్విచ్‌లో ఆ ఒక్క కాంటాక్ట్ నల్లబడి పడుకుంది. కొత్త పికప్ డబ్బు నేనే పెట్టుకున్నాను, పాతది ఆయనకి తిరిగి బిగించాను. ఆ కొత్తదే ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతోంది, మూత లేనిది. అది నా ఫీజు రసీదు.

తట్టడం తప్పు కాదు, మంచి పరీక్షే. వాల్యూమ్ తక్కువ పెట్టి, స్క్రూడ్రైవర్‌తో కడ్డీల మీద మెల్లిగా ఆనిస్తే స్పీకర్లో టక్ మనాలి. కానీ అది ఆంప్ దాకా దారి అంతా బాగుంటేనే వినిపిస్తుంది. వినిపిస్తే పికప్ బతికే ఉంది. వినిపించకపోతే మాత్రం పికప్ చచ్చిందని కాదు. మీటర్ తీసుకుని పికప్ నుంచి వచ్చే రెండు వైర్లు ఎక్కడైతే అంటించారో అక్కడే పెట్టి చదవండి. సిగ్నల్ మోసే హాట్ వైరుని స్విచ్ నుంచి ఊడదీసి చదివితే ఇంకా మంచిది, ఇంకే పార్టూ మధ్యలో దూరదు.

ఆ అంటించినచోట ఒకసారి కళ్లు పెట్టి చూడండి. మంచి సోల్డరింగ్ మెరుస్తుంది, అంచులు పరుచుకుని ఉంటాయి. బూడిద రంగులో, ముద్దలా, తుమ్మ జిగురు పెట్టినట్టు ఉంటే డ్రై సోల్డర్. గిటార్ కదిలితే పలుకుతుంది, కదిలితే ఆగుతుంది. మళ్లీ సోల్డరింగ్ ఐరన్ పెట్టండి. ఐరన్ అంటే గుర్తొచ్చింది, ఆ చిన్న డబ్బాలో పేస్ట్ ఉంటుందే, అది పికప్ దగ్గరికి రానివ్వకండి. యాసిడ్ ఉన్న రకమైతే రాగిని తింటుంది. ఇవాళ పలుకుతుంది, ఆరు నెలలకి ఆకుపచ్చగా చిలుము పట్టి తెగుతుంది. లోపల రెజిన్ ఉన్న సోల్డర్ వైరు చాలు, వేరే పేస్ట్ అక్కర్లేదు.

జాక్ గురించి రెండు ముక్కలు. నట్టు లూజైతే జాక్ మొత్తం తిరుగుతుంది, లోపల వైర్లు మెలిపడి తెగుతాయి. లూజు నట్టుని బయట్నుంచి ప్లయర్‌తో బిగించేసేవాళ్లే ఎక్కువ. విప్పి, లోపల జాక్‌ని పట్టుకుని బిగించండి. పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాతికసార్లు తిప్పండి. తుప్పుకి కొట్టే నూనె స్ప్రే వద్దు, అది జిడ్డు మిగులుస్తుంది.

ఇప్పుడు పికప్ నిజంగా పోయిన కేసు. మన ఊరి కేసు. సముద్రం పక్కన ఉన్నాం, గాలిలో ఉప్పు. వేదిక మీద చెమట, చెమటలోనూ ఉప్పు. ఈ పాతకాలం పద్ధతి స్ట్రాట్ పికప్‌లో తీగని నేరుగా అయస్కాంతం కడ్డీల మీదే చుట్టారు, మధ్యలో ప్లాస్టిక్ గోడ లేదు. ఆ కడ్డీలు ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, వాటితో పాటు ఇనుము. ఇనుము ఉంది కాబట్టి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, గరుకవుతుంది, దానికి ఆనుకుని ఉన్న మొదటి చుట్టుని కోసేస్తుంది. లోపలి కొస కాబట్టి బయటికి ఏమీ కనబడదు. నేను భూతద్దం పెట్టి చూసినప్పుడు, కడ్డీ అడుగున గోధుమ రంగు మరక, దాని పక్కన తీగ మీద ఆవగింజలో సగమంత ఆకుపచ్చ చుక్క. అంతే. ఎనిమిది వేల చుట్ల పాటని ఆ చుక్క ఆపేసింది.

ఇక్కడ మిమ్మల్ని మోసం చేసేది ఒకటుంది. తీగ తెగితే శబ్దం పూర్తిగా ఆగాలి కదా? ఆగదు! చాలాసార్లు సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు, బేస్ లేకుండా వస్తూనే ఉంటుంది. ఎందుకంటారు? తెగిన రెండు భాగాలూ చుట్టలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. హై ఫ్రీక్వెన్సీ దాటేస్తుంది, బేస్ దాటలేదు. "శబ్దం వస్తోంది కదా సార్, తెగలేదు, వీక్ అయింది" అంటారు. అయస్కాంతం వీక్ అయిందని, కొత్త అయస్కాంతం కావాలని అడుగుతారు. ఆల్నికో అంత తొందరగా వీక్ అవదండీ. సన్నగా పలుకుతోందంటే మీటర్ పెట్టండి. ఆ ఒంటరి ఒకటి వస్తే తెగినట్టే.

ఇంకో రకం ఉంది, అది మహా మొండిది. పొద్దున ఆరాధనలో బాగా పలుకుతుంది, పదకొండింటికి ఆగుతుంది, ఇంటికి వెళ్లాక మళ్లీ పలుకుతుంది. నా దగ్గరికి తెస్తే చక్కగా ఆరు చూపిస్తుంది. తెగిన కొసలు చల్లగా ఉన్నప్పుడు ఆనుకుని, వేడెక్కితే విడిపోతాయి. మీటర్ పెట్టి ఉంచి, హెయిర్ డ్రైయర్ దూరంనుంచి చూపించండి. అంకె మెల్లిగా పెరిగితే మంచిది, అది రాగి స్వభావం. ఉన్నట్టుండి ఎగిరి ఒంటరి ఒకటి దగ్గర కూర్చుంటే, దొరికింది దొంగ.

బాగుచేయొచ్చా? తెగింది బయటి కొస దగ్గరైతే చేయొచ్చు. చాలాసార్లు వైరు అంటించిన ఆ చిన్న రింగు దగ్గరే తెగుతుంది. ఒక్క చుట్టు విప్పి, ఎనామిల్ గీకి, మళ్లీ అంటించాలి. చెయ్యి వణకకూడదు, ఊపిరి బిగబట్టాలి, ఇంట్లో పిల్లలు నిద్రపోయాక చేయాలి. లోపలి కొస అయితే రివైండింగే, అంటే తీగంతా మళ్లీ కొత్తగా చుట్టడమే.

రివైండింగ్ అంటే ఇక్కడ ఒక గొయ్యి ఉంది, అందులో నేనూ పడ్డాను. పుస్తకాల్లో, వీడియోల్లో 42 గేజ్ తీగ అంటారు. హైదరాబాద్ కోఠిలోనో ఇక్కడో షాపుకెళ్లి "42 గేజ్ ఇవ్వండి" అంటే ఇస్తాడు. కానీ వాళ్లన్నది అమెరికా గేజ్, ఏడబ్ల్యూజీ. మన వైండింగ్ షాపుల్లో నడిచేది ఎస్‌డబ్ల్యూజీ, పాత ఇంగ్లండు గేజ్. మన 42 లావు 0.1 మిల్లీమీటరు దాటుతుంది. అది చుడితే సగం చుట్లకే తీగ చుట్టే చట్రం, బాబిన్, నిండిపోతుంది. మనం అడగాల్సింది 46. ఎస్‌డబ్ల్యూజీ 46 అంటే 0.061, దాదాపు సరిపోతుంది. ఈ ఒక్క ముక్క నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఒక రీలు తీగ మిగిలేది.

హమ్‌బకర్లకి వద్దాం. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో చేశాడు. రెండు చుట్టలు పక్కపక్కన, ఒకదానికొకటి తలకిందులుగా చుట్టి, అయస్కాంతం కూడా తలకిందులు. స్ట్రింగ్ శబ్దం రెండింట్లోంచీ కలుస్తుంది, బయటి నుంచి వచ్చే జుయ్ మనే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. దీని జబ్బు కనిపెట్టడం తేలిక. ఎనిమిది రావాల్సినచోట నాలుగు వస్తోందనుకోండి. సన్నగా పలుకుతూ, ఎప్పుడూ లేని హమ్ కూడా వస్తోంది. ఏమైంది? ఒక చుట్ట ఎర్త్‌కి తగిలి పక్కకి తప్పుకుంది. రెండు చుట్టల్నీ కలిపే వైరు మీద టేపు ఊడి ఎక్కడో తగులుతూ ఉంటుంది, లేదా పైకి లాగే పాట్ స్విచ్ ఇరుక్కుని ఉంటుంది. టేపు వేస్తే పోయే జబ్బుకి ఆపరేషన్ వద్దు.

ఇప్పుడు హమ్. ఆ ఆంప్ ఆన్ చేయండి. వినండి. జుయ్ మంటోందా? బాబూ, ఇప్పుడు ఆ ఫ్యాన్ అయిదు మీద పెట్టు. తగ్గిందా? మళ్లీ మూడు. వచ్చిందా? ఇదీ నేను ఇందాక అన్నది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటుని సెకనుకి వందసార్లు కోసి కోసి పంపుతుంది, ఆ కోత శబ్దం గాల్లోంచి మీ పికప్‌లోకి వస్తుంది. సింగిల్ కాయిల్, అంటే స్ట్రాట్‌లోలా ఒక్క చుట్టే ఉన్న పికప్, ఒక చిన్న ఏరియల్. అది పికప్ తప్పు కాదు. గిటార్ పట్టుకుని అక్కడే గుండ్రంగా తిరగండి, ఒక దిక్కున తగ్గుతుంది, ఒక దిక్కున పెరుగుతుంది. తిరిగితే మారే హమ్ బయటి నుంచి వచ్చేది. తిరిగినా మారకపోతే లోపల ఎర్త్ చూడాలి.

స్ట్రింగ్స్ ముట్టుకుంటే హమ్ తగ్గుతోంది, ఇది జబ్బా అని అడుగుతారు. కాదు, అలాగే ఉండాలి. బ్రిడ్జికి ఎర్త్ వైరు ఉంది, మీ ఒంట్లో తిరిగే హమ్ దాంట్లోంచి దిగిపోతుంది. ముట్టుకున్నా ఏ తేడా లేకపోతే ఆ వైరు ఊడింది. ముట్టుకుంటే పెరిగితే? జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయి. కడ్డీ ముట్టుకుంటే మాత్రమే గుర్రుమంటే, చుట్ట లోపల కడ్డీకి తగిలింది.

స్ట్రింగ్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే మాత్రం వాయించడం ఆపేయండి. పికప్ వెతక్కండి, గోడలో ఎర్త్ వెతకండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్లని నేను చూశాను. 1972లో ఇంగ్లండు పక్కన వేల్స్‌లో, స్వాన్సీ అనే ఊళ్లో, స్టోన్ ద క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ లేని మైకుని ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. 230 వోల్టులతో సరదా లేదు. పాత హాల్లో వాయించే ముందు టెస్టర్ పెట్టి చూసుకోండి.

ఎవరో చెయ్యెత్తారు. గట్టిగా... ఆ, "డిస్టార్షన్ పెడితే కీచుమని అరుస్తోంది, స్ట్రింగ్స్ మూసినా ఆగడం లేదు." మంచి ప్రశ్న. స్ట్రింగ్స్ అరిచేది ఫీడ్‌బ్యాక్, అది మీరు చేత్తో మూస్తే ఆగుతుంది. ఆగకపోతే చుట్టలో తీగలే వదులై, స్పీకర్ శబ్దానికి అవే ఊగుతున్నాయి. మూత దగ్గర నోరు పెట్టి మాట్లాడితే స్పీకర్లో మీ మాట వినిపిస్తే అదే జబ్బు. మందు మైనం. పారఫిన్‌లో అయిదో వంతు తేనెమైనం కలిపి, 60-65 డిగ్రీల దగ్గర ఉంచి, పికప్‌ని అందులో బుడగలు ఆగేదాకా ముంచాలి. మంట మీద నేరుగా పెట్టకండి, పెద్ద గిన్నెలో నీళ్లు, అందులో చిన్న గిన్నె. వేడి ఎక్కువైతే బాబిన్ వంకరపోతుంది, మైనం అంటుకుంటే వంటిల్లే పోతుంది. మొదటిసారి చేస్తుంటే పనికిరాని పికప్ మీద చేయండి.

ఫేజ్ సంగతి. ఒక్కో పికప్ విడిగా బ్రహ్మాండంగా ఉంటుంది. రెండూ కలిపితే జలుబు చేసినవాడు ముక్కుతో పాడినట్టు, పీలగా. ఒకటి ముందుకి తోస్తే రెండోది వెనక్కి లాగుతోంది. కొత్త పికప్ వేసిన మర్నాడే ఈ ఫోన్ వస్తుంది. ముల్లు ఉన్న పాత మీటర్ ఉంటే చాలా తేలిక. అతి చిన్న డీసీ రేంజ్‌లో పెట్టి, స్క్రూడ్రైవర్‌ని కడ్డీల మీద ఆనించండి, ముల్లు ఎటు తన్నిందో చూడండి. రెండో పికప్‌కి కూడా అలాగే. ఎదురు తంతే ఒకదాని వైర్లు మార్చండి. అన్నట్టు, ఈ తప్పే ఒకాయనకి పేరు తెచ్చింది. పీటర్ గ్రీన్ అనే గిటారిస్టు వాయించిన 1959 గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌లో నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉండేది. రెండూ కలిపినప్పుడు వచ్చే ఆ బోలు గొంతు కోసం మనుషులు ఇప్పటికీ కావాలని గిటార్లు పాడుచేసుకుంటున్నారు. కాబట్టి మార్చే ముందు ఒకసారి వినండి, నచ్చితే ఉంచేసుకోండి.

ఎత్తు కూడా చూడండి. పికప్ స్ట్రింగ్స్‌కి మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం లావు స్ట్రింగ్‌ని లాగుతుంది. ట్యూన్ చేసినా శ్రుతి తప్పినట్టు, రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. చివరి ఫ్రెట్ నొక్కి, స్ట్రింగ్‌కీ కడ్డీకీ మధ్య 1 మిల్లీమీటరు పిక్‌లు రెండు దూర్చండి, పట్టాలి. స్ట్రాట్‌కి అది చాలు. ఫ్రెట్లు మెరిపించడానికి స్టీలు పీచు వాడేవాళ్లు పికప్‌ల మీద టేపు వేసి మొదలుపెట్టండి. లేకపోతే ఆ పొడి అంతా అయస్కాంతం తాగేస్తుంది. సెల్‌తో నడిచే యాక్టివ్ పికప్‌లవాళ్లకి ఒక్క మాటే, 9 వోల్టుల సెల్ మార్చి చూశాక నాకు ఫోన్ చేయండి. రాత్రంతా వైరు గుచ్చి వదిలేస్తే సెల్ అయిపోతుంది, వాటిని ఓమ్ మీటర్‌తో కొలిచి ప్రయోజనం లేదు.

ఇంక నేను మాట్లాడింది చాలు. ఆ టేబుల్ మీద నల్ల గిటార్ ఎవరిది? రా నాన్నా. ఏమంటావు? బ్రిడ్జి పికప్ పోయిందా? ఆర్డర్ పెట్టావా? ఇంకా లేదా, బతికిపోయావు. వైరు గుచ్చు. వాల్యూమ్ పూర్తిగా పెంచు. స్విచ్ నెక్ పికప్ మీద పెట్టు, అందరికీ వినబడేలా చదువు. 5.9, బాగుంది. మిడిల్? 5.8. ఇప్పుడు బ్రిడ్జి. ఎడమ పక్క ఒకటా? 2000 కే మీదకి తిప్పు. 246. అందరూ విన్నారా, 246! అంటే పాట్ ఒక్కటే కనబడుతోంది. పికప్ పోయినట్టేనా? చేతులెత్తండి, పోయిందనేవాళ్లు. చాలామంది ఉన్నారే. నాన్నా, మళ్లీ 20 కే. స్విచ్ ఒక్క మెట్టు వెనక్కి, బ్రిడ్జీ మిడిలూ కలిసే చోటికి. ఎంత?

మూడు. 3.0.

తెగిపోయిన పికప్ అయితే అక్కడ 5.8 రావాలి కదండీ, మిడిల్ ఒక్కటే. మూడు వచ్చిందంటే రెండూ ఉన్నాయి. ఇప్పుడు మళ్లీ బ్రిడ్జి మీద పెట్టి, ఆ స్విచ్ పిడిని పక్కకి కొంచెం ఒత్తు. ఒత్తి పట్టుకో. అదిగో, ఆరు. వదిలితే? పోయింది. ఆ కాంటాక్ట్ క్లీనర్ డబ్బా ఇలా ఇవ్వండి, పిక్‌గార్డ్ స్క్రూలు పదకొండు ఉంటాయి, ఒక గ్లాసులో వేసుకుంటూ తియ్యి, ఒక్కటి పోయినా మళ్లీ ఆ సైజుది దొరకదు.